హ్వాచియాంగ్‌బెయ్ మార్కెట్: మన సెల్ షాపోళ్లకు గిట్టుబాటేనా?

రిపేరు కౌంటర్ నడిపేవాళ్లకు, టూల్స్ కొనాలనుకునేవాళ్లకు, నాలుగు షాపులు కలిసి డిస్‌ప్లేలు తెప్పించుకునేవాళ్లకు చైనాలో షెన్‌జెన్‌లోని హ్వాచియాంగ్‌బెయ్ అనే ఎలక్ట్రానిక్స్ మార్కెట్ పైసా వసూల్. చవగ్గా ఐఫోన్ దొరుకుతుందనో, పవర్ బ్యాంకులు సూట్‌కేసు నిండా తెచ్చి అమ్ముకోవచ్చనో పోతే మాత్రం టికెట్ డబ్బులు దండగ. నల్లగొండలోనో, జడ్చర్లలోనో రోజుకు రెండు మూడు డిస్‌ప్లేలు మార్చే ఒక్క షాపు కోసం అంత దూరం పోవడం కూడా లెక్కకు రాదు. రాకపోకలు, వీసా, లాడ్జి ఖర్చు అక్కడి ధరకూ ఇక్కడి ధరకూ ఉండే తేడాలో ఎప్పటికీ తేలదు. మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ షాపులు ఒక్కమాట మీదికి వచ్చి ఇద్దరిని పంపితే లెక్క కుదురుతుంది.

షెన్‌జెన్ హాంకాంగ్‌ను ఆనుకుని ఉన్న సముద్రతీర నగరం. 1980లో చైనా దీన్ని ప్రత్యేక ఆర్థిక మండలి చేసింది. 2020 జనాభా లెక్కల నాటికి కోటీ 75 లక్షల మంది తేలారు. హువావే, బీవైడీ, టెన్సెంట్, డీజేఐ కంపెనీల హెడ్డాఫీసులు ఇక్కడే. కోఠి గుజరాతీ గల్లీలో, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో మనం కొనే సామానులో చాలావరకు పుట్టేది ఈ చుట్టుపక్కలే. నగరం మధ్యలో ఫుతియాన్ జిల్లాలో దాదాపు కిలోమీటరు పొడవున్న వీధి, దానికి రెండు పక్కలా అంతస్తుల కొద్దీ కౌంటర్లు, అదే మార్కెట్. మెట్రో పనుల కోసం కొన్నేళ్లు మూసి, 2017లో నడకదారిగా తెరిచారు. షట్టర్లు లేచేసరికి ఉదయం పది అవుతుంది, సాయంత్రం ఆరు దాటితే సర్దుకోవడం మొదలు. పొద్దున్నే ఆరింటికి పోయి నిలబడితే ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ కనపడరు.

ఏ బిల్డింగ్‌లో ఏముంటుందో తెలియకుండా పోతే మొదటి రోజంతా మెట్లెక్కి దిగడానికే సరిపోతుంది. సెగ్ ప్లాజా డెబ్బై పైచిలుకు అంతస్తులది, కింది అంతస్తుల్లో మార్కెట్. ఇక్కడి సెగ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్ మొదలైంది 1988లో. రెసిస్టర్లు, ఐసీలు, ఎల్‌ఈడీలు, కనెక్టర్లు, పైకి పోతే కంప్యూటర్ పార్టులు. 2021 మే 18న గాలికి ఊగిపోయి జనం పరుగులు పెట్టిన బిల్డింగ్ ఇదే. పైకప్పు మీద నిలబెట్టిన పొడుగు కమ్మీ తీసేశాక మళ్లీ తెరిచారు. హ్వాచియాంగ్ ఎలక్ట్రానిక్ వరల్డ్‌లో కూడా ఎక్కువగా విడిభాగాలే. కొత్త ఫోన్లు, యాక్సెసరీలు యువాన్‌వాంగ్‌లో. మన రిపేరు కౌంటర్లకు అసలు పని పడేది తోంగ్‌తియెన్‌ది వైపు: స్ట్రిప్‌లు (లోపలి పలచటి కేబుళ్లు), సీసీ బోర్డులు (చార్జింగ్ పిన్ను ఉండే బోర్డులు), బ్యాక్ ప్యానెళ్లు, డిస్‌ప్లేలు, టూల్స్. మింగ్‌తోంగ్ ఫోన్లకు పేరున్నదని పాత వీడియోల్లో చెప్తారు, అది మేకప్ సామాన్ల మార్కెట్‌గా మారి చాలా రోజులైంది. వీడియో చూసి పోయినోళ్లకు లిప్‌స్టిక్‌లు కనపడతాయి.

ఇక్కడ ఒకే మోడల్ డిస్‌ప్లేకు పక్కపక్క కౌంటర్లలో నాలుగు ధరలు చెప్తారు, నలుగురూ నిజమే చెప్తారు. తేడా అంతా గ్రేడులో ఉంది. అందరికన్నా కింద ఇన్‌సెల్, అంటే ఎల్‌సీడీ. ఓఎల్‌ఈడీ (ప్రతి చుక్కా సొంతంగా వెలిగే తెర) ఫోన్‌కు ఇది వేస్తే మందం పెరుగుతుంది, కింద నల్ల అంచు వెడల్పవుతుంది, బ్యాటరీ తొందరగా దిగుతుంది. మన దగ్గర గొడవ తెచ్చేది మాత్రం ఇవేవీ కావు. డిస్‌ప్లే కింద ఫింగర్‌ప్రింట్ ఉండే ఫోన్లలో ఆప్టికల్ సెన్సర్ వెలుగు ఓఎల్‌ఈడీ ప్యానెల్‌లోంచి దాటి పోవాలి. ఎల్‌సీడీ వెనక బ్యాక్‌లైట్ పొర అడ్డం ఉంటుంది కాబట్టి అది పనిచేయదు. మర్నాడే కస్టమర్ వచ్చి, "అన్నా, వేలు పెడితే ఫోన్ ఓపెన్ అయితలేదు" అని కౌంటర్ మీద పెడతాడు. ముందే చెప్పి వేస్తే సరే, చెప్పకపోతే మళ్లీ ఓఎల్‌ఈడీ మన చేతి డబ్బులతోనే.

ఇన్‌సెల్ పైన హార్డ్ ఓఎల్‌ఈడీ. రంగు బాగుంటుంది, కానీ లోపలి పలక గాజుది. చిన్న దెబ్బకే లోపల పగిలి సిరా ఒలికినట్టు నల్లమచ్చ పాకుతుంది. సాఫ్ట్ ఓఎల్‌ఈడీలో ఆ పలక ప్లాస్టిక్‌ది, కొంత వంగుతుంది, ఫ్రేములో కూర్చోబెట్టేటప్పుడు కూడా తక్కువ పోతుంది. ఆపైన పాత ఫోన్ నుంచి తీసిన ఒరిజినల్, దాంట్లోనే పై గాజు మాత్రం మార్చింది ఒక రకం. గాజు మార్చిన సరుకు చూపుకు ఒరిజినలే. అంచుల దగ్గర గమ్ము పొర సరిగ్గా అంటకపోతే కొన్ని వారాలకు బుడగ లేస్తుంది, పైపూత లేకపోతే వేలిముద్రలు జిడ్డుగా పట్టుకుంటాయి. అద్దాన్ని ఏటవాలుగా పట్టుకుని లైటు వెలుగులో అంచులు చూడాలి, ఒక నీటిచుక్క వేయాలి. చుక్క గుండ్రంగా నిలబడితే పూత ఉన్నట్టు, పరుచుకుంటే లేనట్టు.

ఐఫోన్ 11 నుంచి పైవాటికి కాపీ డిస్‌ప్లే వేస్తే మామూలుగా సెట్టింగ్స్‌లో అసలుది కాదన్న మెసేజ్ వస్తుంది. ట్రూ టోన్ (చుట్టూ ఉన్న వెలుగును బట్టి తెర రంగు మారే సదుపాయం) కావాలంటే పాత డిస్‌ప్లే డేటాను ప్రోగ్రామర్‌తో కొత్తదాంట్లోకి ఎక్కించాలి. "మెసేజ్ రాదు" అని కౌంటర్‌లో ఎవరైనా చెప్తే అక్కడికక్కడే వేసి చూపించమనాలి.

అందుకే పరీక్షకు సొంత ఫోన్లు పట్టుకుపోవాలి. మన దగ్గర ఎక్కువ తిరిగే మూడు నాలుగు మోడళ్లు, పాత డిస్‌ప్లే పీకేసి, స్క్రూలు తీసి, కనెక్టర్ బయటికి కనపడేలా, ఫుల్ చార్జింగ్‌తో. కౌంటర్‌వాడి టెస్ట్ ఫోన్ నమ్మొద్దు అని కాదు, మన ఇండియా మోడల్ అతని దగ్గర ఉండదు. కనెక్టర్ పెట్టాక ముందు తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు వరసగా చూడాలి. సామ్‌సంగ్ అయితే డయలర్‌లో స్టార్ హ్యాష్ సున్నా స్టార్ హ్యాష్ కొడితే ఆ మెనూ వస్తుంది. తర్వాత ఒక ఐకాన్‌ను పట్టుకుని నాలుగు మూలలకూ, అంచుల వెంటా లాగాలి. మధ్యలో ఐకాన్ వేలి కింద నుంచి జారిపోతే ఆ చోట టచ్ లేనట్టే. చాలామంది వదిలేసేది చివరిది: బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించి, చేతులు అడ్డం పెట్టి చీకటి చేసి, బూడిద రంగు తెర చూడటం. ఓఎల్‌ఈడీలో పచ్చ ఛాయ, మచ్చలు బయటపడేది అక్కడే. ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఎంత చూసినా కనపడవు. అయిదు నిమిషాలు ఆన్‌లో ఉంచి వెనక చేయి పెట్టి వేడి చూడాలి.

బేరం కాలిక్యులేటర్ మీద జరుగుతుంది. నోటితో ధర అడిగితే ముందు వాళ్లే ఎన్ని కావాలని అడుగుతారు. ఒకటికి ఒక రేటు, పదికి ఒకటి, వందకు ఒకటి. ఒకటి చూపించి వంద రేటు అడిగితే మొహం తిప్పుకుంటారు. పది రేటు అడిగి, ఒక్కటి శాంపిల్‌గా కొని, సాయంత్రం మళ్లీ పోవడం పద్ధతి. చేతి సైగలతో జాగ్రత్త. బొటనవేలు, చూపుడువేలు చాపితే వాళ్లకు ఎనిమిది. మనకు రెండులాగా కనపడుతుంది. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. కాలిక్యులేటర్ మీద అంకె చూడందే తల ఊపొద్దు, మన తల ఊపడం వాళ్లకు ఎలాగూ అర్థం కాదు.

బేరం కుదిరిన కౌంటర్‌లో సరుకు ఉండదు. ఫోన్‌లో మెసేజ్ పెడితే గోదాం నుంచి ఓ పిల్లగాడు సంచిలో వేసుకుని తెస్తాడు. మోసం జరిగితే ఈ సంచిలోనే జరుగుతుంది: శాంపిల్ సాఫ్ట్, వచ్చిన లాట్‌లో సగం హార్డ్. ఒక్కోసారి కౌంటర్‌వాడికీ తెలియదు, గోదాంలో కలిసిపోతుంది. దీనికి మందు ఒక్కటే. నచ్చిన శాంపిల్ స్ట్రిప్ మీద మార్కర్‌తో గుర్తు పెట్టి ఫొటో తీయాలి, ఆ శాంపిల్ మన దగ్గరే ఉంచుకోవాలి. కాపీలు పడే రశీదు పుస్తకంలో మోడల్, గ్రేడు, సంఖ్య, కౌంటర్ నంబర్ రాయించాలి. లాట్ వచ్చాక పదికి రెండు చొప్పున, ఒకే వరసలోంచి కాకుండా కింద, మధ్య, పైన నుంచి తీసి వేసి చూడాలి. అప్పుడే డబ్బులు. పైన ప్లాస్టిక్ పొర పీకినా, స్ట్రిప్ మడిచినా, గ్యారంటీ స్టిక్కర్ చిరిగినా వాపసు తీసుకోరు కాబట్టి పరీక్ష మొత్తం పొర మీదనే చేయాలి. ఇంటికొచ్చాక తేలిన లోపానికి దిక్కు లేదు. తిప్పి పంపే ఖర్చు డిస్‌ప్లే ధరను మింగేస్తుంది.

ఇంకో చిక్కు మోడల్ పేర్లది. మన దగ్గర మీ 11ఎక్స్ అని అమ్మిన ఫోన్ అక్కడ రెడ్‌మీ కే40, ఇంకో దేశంలో పోకో ఎఫ్3. పేరు చెప్పి అడిగితే లేదంటారు, సరుకు మాత్రం డబ్బాలో ఉంటుంది. ఇంతకన్నా ప్రమాదం ఇంకోటి: పేరు ఒక్కటే అయినా దేశానికో హార్డ్‌వేర్ ఉండే మోడళ్లు ఉన్నాయి, స్ట్రిప్ కనెక్టర్ కూర్చోదు. పాత డిస్‌ప్లేల స్ట్రిప్ మీద అచ్చైన నంబర్లు, ఫోన్ వెనక మోడల్ నంబర్ ఫొటోలు తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని పోవాలి. వీలైతే పగిలిన డిస్‌ప్లేలే రెండు తీసుకుపోయి పక్కన పెట్టి పోల్చాలి.

మెమరీ కార్డులు, పెన్‌డ్రైవ్‌లు అడ్డికి పావుశేరు కింద దొరుకుతాయి, ఒక టీబీ అని రాసి ఉంటుంది. లోపల చిప్ చిన్నది, కంట్రోలర్‌ను మాయ చేసి పెద్ద సైజు చూపిస్తారు. చిప్ నిండాక ఎక్కించినవి ఉన్నట్టే కనపడతాయి, తెరిస్తే ఫైళ్లు పాడు. మొత్తం నింపి మళ్లీ చదివించే టెస్ట్ సాఫ్ట్‌వేర్‌తో తప్ప తెలియదు, దానికి గంటలు పడుతుంది. అంత ఓపిక లేకపోతే ఆ కౌంటర్ దాటిపోవడమే మేలు.

మా లెక్కలో ఐదుకు ఐదు ఇచ్చేది టూల్స్‌కే. మైక్రోస్కోప్, హాట్ ఎయిర్ స్టేషన్, సన్న మొనల సోల్డరింగ్ స్టేషన్, స్టెన్సిల్స్, డీసీ పవర్ సప్లై, అన్నీ పెట్టి చూసి కొనొచ్చు. అక్కడి కరెంటు 220 వోల్టులు, 50 హెర్ట్‌జ్, మనకు కుదురుతుంది. ప్లగ్గు మాత్రం ఏటవాలు రేకులది, ఇక్కడికొచ్చాక మూతి మార్చాలి. అడాప్టర్ మీద పెట్టి హాట్ ఎయిర్ నడిపితే కాంటాక్ట్ వేడెక్కి కాలిపోతుంది. మైక్రోస్కోప్‌కు ఇనుప దిమ్మె బరువు, విమానం లగేజీలో అదే సగం తింటుంది. తల, చేయి తెచ్చుకుని దిమ్మె ఇక్కడ లేత్ షాపులో చేయించుకోవచ్చు. కడ్డీ మందం కొలిచి రాసుకోవడం మరవొద్దు.

కొనకూడనివి కొన్ని. పెళ్లి ఫొటోగ్రాఫర్లు ముందడిగేది డీజేఐ డ్రోన్. విదేశీ డ్రోన్ల దిగుమతిని మన ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు తప్ప అనుమతి లేదు. శంషాబాద్‌లో పోయేది డ్రోన్ ఒక్కటే కాదు, ఆ రోజంతా పోతుంది. ఈ-సిగరెట్లు 2019 నుంచి నిషేధం. పవర్ బ్యాంకులు, చార్జర్లు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, స్మార్ట్ వాచ్‌లు అమ్మకానికి తెస్తే ఆ తయారీదారు పేరున బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. సీసీ కెమెరాలకు 2025 ఏప్రిల్ నుంచి సెక్యూరిటీ పరీక్షలు కూడా కలిశాయి. యాపిల్, సామ్‌సంగ్ బొమ్మ వేసిన కాపీ సరుకును బ్రాండ్ హక్కుల కింద కస్టమ్స్ ఆపేస్తుంది. పాత ఐఫోన్లు గ్రేడుల వారీగా అమ్మే ఫెయ్‌యాంగ్ బిల్డింగ్ చూడటానికి బాగుంటుంది, కొనడానికి కాదు. దొంగ ఫోనో, లాక్ ఫోనో తేల్చుకోవడం మన పని కాదు.

సరుకు పంపే దారి గురించి ముక్కుసూటిగా చెప్పాలి. "కిలోకు ఇంత, ఇంటి దాకా, కాగితాలు అక్కర్లేదు" అనే ఏజెంట్లు ప్రతి మెట్టు మీదా ఉంటారు. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి కాగితం, మన పేరున ఉండదు, కట్టిన పన్ను వాపసు రాదు, మధ్యలో పట్టుబడితే అడగడానికి రసీదు కూడా ఉండదు. పద్ధతి ప్రకారం అయితే విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ఆఫీసు డీజీఎఫ్‌టీ దగ్గర 500 రూపాయలు కట్టి ఐఈసీ, అంటే దిగుమతి ఎగుమతి కోడ్, తీసుకోవాలి, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లోనే అవుతుంది. బ్యాంకు ద్వారా డబ్బు పంపాలి, కస్టమ్స్ బ్రోకర్‌తో విడిపించుకోవాలి. అప్పుడు దిగుమతి మీద కట్టిన ఐజీఎస్టీ మన జీఎస్టీ ఖాతాలో క్రెడిట్‌గా తిరిగొస్తుంది. సూట్‌కేసులో యాభై డిస్‌ప్లేలు పెట్టుకొచ్చి సొంతానికి అంటే ఎవరూ నమ్మరు, వ్యాపార సరుకు బ్యాగేజీ కింద చెల్లదు. కొనే ముందే సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ బ్రోకర్‌కు పంపి డ్యూటీ ఎంతో రాయించుకోవాలి.

పోవడానికి హాంకాంగ్ దారి తేలిక. భారతీయులు ముందే ఆన్‌లైన్‌లో ప్రీ అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకుని ఆ కాగితం ప్రింటు తీసి సంతకం పెట్టి పట్టుకుపోవాలి. ఉచితం, ఆరు నెలలు చెల్లుతుంది, ఒక్కోసారికి 14 రోజుల దాకా ఉండనిస్తారు. చైనా వీసా వేరు. సరుకు పనికి ఎమ్ వీసా, దానికి అక్కడి కంపెనీ ఆహ్వాన పత్రం కావాలి. మధ్యలో ఒకరోజు హాంకాంగ్ చూసి మళ్లీ షెన్‌జెన్ రావాలనుకుంటే డబుల్ ఎంట్రీ అడగాలి. సింగిల్ ఎంట్రీతో దాటితే వెనక్కి రానివ్వరు. లో వూ దగ్గర హాంకాంగ్ రైలు దిగి, రెండు చోట్ల పాస్‌పోర్టు చూపించుకుంటూ నది మీది వంతెన నడిచి దాటితే అవతల లువోహు, అక్కడే మెట్రో ఒకటో లైను. ఐదో స్టేషన్ హ్వాచియాంగ్ రోడ్. ఈ గేటు ఉదయం ఆరున్నర నుంచి అర్ధరాత్రి దాకా, హ్వాంగ్‌గాంగ్ గేటు రాత్రంతా ఉంటుంది. 2025 చివర ఢిల్లీ, కోల్‌కతాల నుంచి గ్వాంగ్‌జౌకు నేరు విమానాలు మొదలయ్యాయి. ఆ దారిన పోతే హాంకాంగ్ కాగితం పనే లేదు, గ్వాంగ్‌జౌ సౌత్ నుంచి షెన్‌జెన్ నార్త్‌కు హైస్పీడ్ రైలు అరగంట పైచిలుకు.

యూపీఐ లెక్క అక్కడ నడవదు. అలీపే, వీచాట్ రెండిట్లోనూ వీసా లేదా మాస్టర్‌కార్డ్ ఇక్కడే ఎక్కించి, బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ ఆన్ చేసి పోవాలి. ఓటీపీ రావాలంటే మన సిమ్‌కు రోమింగ్ ఉండాలి. 200 యువాన్ల లోపు చెల్లింపుకు ఫీజు లేదు, దాటితే 3 శాతం. చిన్న కౌంటర్‌వాళ్లు షాపు కోడ్ కాకుండా సొంత కోడ్ చూపిస్తారు, దానికి మన కార్డు పడదు. అప్పుడు నగదే గతి. యువాన్ అంటే 12 రూపాయల పైమాటే, నూటికి మించిన నోటు లేదు. గూగుల్, వాట్సాప్ అక్కడి సిమ్ మీద రావు, మన రోమింగ్ సిమ్ మీద వస్తాయి. గూగుల్ మ్యాప్‌లో చుక్క కొన్ని వందల మీటర్లు పక్కకు చూపిస్తుంది, అక్కడి ఆమ్యాప్ వేసుకోవాలి.

లాడ్జి పాస్‌పోర్టు తీసుకుని పోలీసులకు నమోదు చేస్తుంది. తెలిసినవాళ్ల ఇంట్లో దిగితే 24 గంటల్లో మనమే చేయించుకోవాలి. తిండి సంగతి: మాంసం తినేవాళ్లకు ఢోకా లేదు, శాకాహారికి కష్టం. కూరగాయల కూరలో కూడా పంది కొవ్వు పడుతుంది. పచ్చడి డబ్బా, అటుకులు పట్టుకుపోతే ఒక పూట గడుస్తుంది. వేడినీళ్లు ఎక్కడైనా దొరుకుతాయి.

చైనా కొత్త సంవత్సరం జనవరి, ఫిబ్రవరుల్లో వస్తుంది. దానికి వారం ముందు నుంచే కౌంటర్లు మూస్తారు, ఫ్యాక్టరీలు నెల దాకా తేరుకోవు. అక్టోబర్ 1 నుంచి వారం జాతీయ సెలవులు, ఆ వెంటే గ్వాంగ్‌జౌలో కాంటన్ ఫెయిర్ అనే పెద్ద వ్యాపార ప్రదర్శన, ఆ రోజుల్లో లాడ్జి రేట్లు మండుతాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన, తుఫాను, ఉక్క. నవంబర్ రెండో వారం తర్వాత పోతే గాలి చల్లగా ఉంటుంది, కౌంటర్లన్నీ తెరిచే ఉంటాయి, కాగితాలు సరిగ్గా ఉంటే సరుకు సంక్రాంతి గిరాకీకి అందుతుంది.